మృణ్మయాభరణములు



తర్కము చదువ మొదలిడినవానికి ముందుగా ఎదురగునది ఘటము. దానికి దండచక్రములును, కులాలుడును నిమిత్తకారణములని నేను బాల్యమున వల్లించితిని. పిమ్మట ముప్పదియేండ్లకు మించి బడిలో తెలుగు చెప్పుచు, సందు దొరికినపుడెల్ల ఆ మాటనే పిల్లలకు వినిపించితిని. కాని మన్ను చేతబట్టి యెఱుగను. ఉద్యోగము విరమించిన పిదప, అఱువది రెండవయేట, మా యూరి కుమ్మరివాడలో ఒక గృహిణి యొద్ద కూర్చుండి మట్టిపూసలు చేయ నేర్చితిని.

ఆమె మామగారు జీవితమంతయు కుండలు చేసిరి. ఇప్పుడు వేసవిలో నీళ్లకడవలు, పెండ్లిండ్లలో ఐరేనికుండలు తప్ప అడుగువారు లేరు. కావున ఆమె ఆ మన్నుతోనే హారములు, చెవికమ్మలు చేసి పట్టణమునకు పంపుచున్నది. మట్టినగలా యని నవ్వువారు కలరు. మొదట నేనును నవ్వితిని. అయితే 1921లో హరప్పాయందును, 1922లో మోహెంజొదారోయందును త్రవ్వకములు మొదలుపెట్టగా, కాల్చిన మట్టిగాజులును పూసలును విస్తారముగ బయల్పడినవి. నాలుగువేల యేండ్లకు పైగా నేలలోనుండియు అవి మన్నులో కలిసిపోలేదు.

చెరువు ఒండ్రుమట్టిని ఎండబెట్టి, దంచి, నానవేసి, గుడ్డలో వడియగట్టవలెను. కుండకు పనికివచ్చు గరుకుదనము పూసకు పనికిరాదు. ఉసిరికాయను చూచి పూసకు నిలువుగీతలు దిద్దుదురు. చెవికమ్మకు వేపాకు, రావియాకు అచ్చొత్తుదురు. ఆకు వెనుకవైపున ఈనెలు ఉబ్బియుండును గనుక, ఆ వైపే మట్టికి తాకునట్లు పఱచి, పైన అప్పడాలకఱ్ఱ దొర్లింపవలెను. ప్రబంధములలోని వనవర్ణనలు ఇన్నియేండ్లు బోధించిన నేను ఆకును తలక్రిందుగ పఱచి ఆమెచే దిద్దించుకొంటిని! దారమునకు చీపురుపుల్లతో బెజ్జము చేయునపుడు కొంచెము పెద్దదిగనే చేయవలెను. ఆఱుటలోను కాలుటలోను మట్టి పదింట నొకవంతు వఱకు కుదించుకొనిపోవచ్చును.

నా మొదటి పూసలను ఒకదినము ఎండలో నుంచి, మఱునాడే కాల్పుమంటిని. “పంతులుగారూ, లోపల ఇంకా తడి ఉందండీ, నీడను నాలుగు రోజులు ఆరనీయండి” అని ఆమె చెప్పినను వినలేదు. కుమ్మరావములో అవి పటపట పేలినవి. ప్రక్కనున్న ఆమె కమ్మలును రెండు విఱిగినవి. దానికి నేటికిని సిగ్గుపడుచున్నాను. కారణము తరువాత గ్రహించితిని. నీరు ఆవిరియైనచో దాదాపు 1,600 రెట్లు విస్తరించును. వెలుపలికి దారి లేనిచో పూసను చీల్చుకొని వచ్చును. గుల్లపూసకు సూదిమొనయంత రంధ్రమైనను విడుచుట ఇందులకే. మంటను సైతము మొదట సన్నముగ నుంచి మెల్లమెల్లగ పెంచవలెను.

పచ్చికుండ నీట కరగును, కాలిన కుండ కరగదు, ఏల? పాకమున మారునవి పరమాణువులని వైశేషికులును, ఘటము ఘటముగనే మారునని నైయాయికులును వాదించిరి. బంకమట్టి యణువులయందే కట్టువడిన నీరొకటి కలదనియు, సుమారు 450 మొదలు 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అది విడిపోవుననియు, అటుపై నానవేసినను మరల బురద కాదనియు నేటి రసాయనశాస్త్రము చెప్పుచున్నది. వైశేషికులే సత్యమునకు దగ్గఱగ నున్నారని నాకు తోచును. నైయాయికులు క్షమింతురు గాక.

రంగును అగ్నియే ఇచ్చును. గాలి సోకునట్లు కాల్చినచో మట్టిలోని యినుము ఎఱ్ఱబాఱును. పూసలను ఊకతో కలిపి కుండలో పెట్టి మూత బిగించినచో, పొగపట్టి నల్లనగును. కాల్చకముందే నున్నని గులకరాతితో రుద్దినయెడల ఆ నలుపునకు నిగనిగయు వచ్చును.

ఇంతకును ఈ పనికి మూలము మన్ను. మా చెరువున తూముదగ్గఱి మూల మన్నే ఆమెకు అక్కఱకు వచ్చును. తక్కినచోట్ల సున్నపుగుండ్లు హెచ్చు, అవి కాలిన తరువాత తేమపీల్చి ఉబ్బి పూసను పగులగొట్టును. గతవేసవి పూడిక తీసినపుడు యంత్రముతో ఆ మూలనంతయు త్రవ్వి ఇటుకబట్టీకి తోలించిరి. ఆమెనడిగినవారు లేరు, అచ్చట నిలుచుండి చూచిన పెద్దలలో నేనును ఒకడను. మీ యూళ్లలో పూడిక తీయుటకు ముందు కుమ్మరిని పిలిపించి, చెరువుగట్టున నడిపించి, ఏ మన్ను కావలెనో అడుగుడు. రెండుబండ్ల మన్నైనచో వారికి ఏడాదికి సరిపోవును.