పంట లాసల్‌గావ్‌ది... ధర ఢిల్లీది

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదన్నది తెలుగునాట పాత సామెత. ఆ ఉల్లినే నమ్ముకుని బతుకుతున్న ఊరు మహారాష్ట్రలో ఉంది. నాసిక్ నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరాన, నిఫాడ్ తాలూకాలోని లాసల్‌గావ్ చూడటానికి అతి సాధారణమైన పల్లెపట్టణం. అయితే ఇక్కడి మార్కెట్ యార్డులో ఉదయం పలికిన ధరను బట్టే దేశంలోని అనేక ఉల్లి మార్కెట్లు తమ ధరను అంచనా వేసుకుంటాయి. ఆసియాలోనే అతి పెద్ద ఉల్లి మార్కెట్‌గా దీనికి పేరుంది. ఇంతటి పేరున్న ఊరిలో పంట పండించిన రైతుకు మాత్రం ధరపై ఎలాంటి అధికారమూ లేదు.

గోదావరి తీరాన...

త్ర్యంబకేశ్వర్ వద్ద పుట్టిన గోదావరి తెలుగు నేలను చేరడానికి చాలా ముందే నిఫాడ్ తాలూకా మీదుగా ప్రవహిస్తుంది. నాందూర్ మధ్యమేశ్వర్ ఆనకట్ట ఈ తాలూకాలోనిదే. నల్లరేగడి నేల, కాలువలు, బావుల నీరు ఇక్కడ ద్రాక్షకు, ఉల్లికి ఆలంబనగా నిలిచాయి. ముంబయి-భుసావళ్ రైలు మార్గంపై స్టేషన్ ఉండటం ఊరికి కలిసివచ్చింది. సరుకు దూరప్రాంతాలకు తరలడానికి దారి ఏర్పడింది. 1947లో ఇక్కడ వ్యవసాయ మార్కెట్ కమిటీ ఏర్పాటయింది. 2016లో లాసల్‌గావ్ ఉల్లికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఈ ప్రాంతంలో ఏటా మూడు ఉల్లి పంటలు వస్తాయి. ఖరీఫ్ పంట అక్టోబరు నుంచి, ఆలస్య ఖరీఫ్ పంట జనవరి నుంచి, రబీ పంట మార్చి ఆఖరు నుంచి మార్కెట్‌కు చేరతాయి. దేశంలోని మొత్తం ఉత్పత్తిలో దాదాపు 70 శాతం రబీదే. నిల్వకు ఆగేదీ అదే. రైతులు గాలి ఆడేలా నిర్మించిన పాకల్లో ఈ పంటను పోసి, వర్షాకాలమంతా కాపాడుకుంటూ మంచి ధర కోసం ఎదురుచూస్తారు. తేమకు కుళ్లినది, మొలకెత్తినది, ఎండి తూకం తగ్గినది పోగా మిగిలిందే రైతు సొత్తు.

యార్డులో ట్రాక్టర్లు బారులు తీరుతాయి. వ్యాపారులు ఒక్కొక్క ట్రాక్టరు వద్ద ఆగి, సరుకు చేతిలోకి తీసుకుని చూసి వేలం పాడతారు. నెలల కష్టానికి విలువ కొద్ది క్షణాల్లో తేలిపోతుంది. 2018లో ఇదే తాలూకాలో 750 కిలోల ఉల్లి అమ్మిన ఒక రైతుకు దక్కింది 1,064 రూపాయలు. ఆయన ఆ సొమ్మును నిరసనగా ప్రధానమంత్రికి మనియార్డరు చేశారు. 2023 ఫిబ్రవరిలో కిలో ధర రెండు, నాలుగు రూపాయలకు పడిపోగా, ఆగ్రహించిన రైతులు లాసల్‌గావ్‌లో వేలం నిలిపివేశారు.

నిల్వ సమస్యకు పరిష్కారంగా భాభా అణు పరిశోధన కేంద్రం 2002లో ఇక్కడ వికిరణ కేంద్రాన్ని నెలకొల్పింది. ఉల్లి మొలకెత్తకుండా చూడటం దాని తొలి లక్ష్యం. అయితే 2007లో అమెరికాకు మామిడి ఎగుమతులతోనే ఆ కేంద్రం ఎక్కువ ప్రసిద్ధి పొందింది. ఉల్లి రైతు మాత్రం నేటికీ ప్రధానంగా తన పాకనే నమ్ముకున్నాడు.

ఎన్నికల ఘాటు

ఉల్లి ధర 1980 సార్వత్రిక ఎన్నికల్లో ప్రచారాంశమైంది. 1998లో ఢిల్లీలో అధికార పక్షం ఓటమికి ఉల్లి ధరే ముఖ్య కారణమన్న భావన బలపడింది. అప్పటినుంచి కేంద్రంలో ఏ పార్టీ ఉన్నా నగర వినియోగదారుని కన్నీటికి ఉలిక్కిపడటం ఆనవాయితీ అయింది. ధర పెరిగితే చాలు, ఎగుమతులపై వేటు పడుతుంది. 2019లోనూ, 2020లోనూ నిషేధాలు వచ్చాయి. 2023 ఆగస్టులో 40 శాతం సుంకం, అదే ఏడాది డిసెంబరులో మళ్లీ నిషేధం విధించారు. 2024 మేలో నిషేధం తొలగినా, సుంకం పూర్తిగా రద్దు కావడానికి 2025 ఏప్రిల్ వరకు ఆగవలసి వచ్చింది.

ఈ నిర్ణయాల ప్రభావం సరిహద్దులు దాటుతుంది. భారత ఉల్లిపై ఆధారపడిన బంగ్లాదేశ్‌లో 2019 నిషేధంతో ధరలు మండిపోయాయి. నాటి ప్రధాని షేక్ హసీనా ఢిల్లీ పర్యటనలో, వంటలో ఉల్లి వాడవద్దని తమ వంటమనిషికి చెప్పినట్లు చమత్కరించారు. ఆ చమత్కారంలో ఫిర్యాదు కూడా ఉంది. నమ్మకం సడలిన విదేశీ కొనుగోలుదారు మరో దేశం వైపు చూస్తే, నష్టపోయేది లాసల్‌గావ్ రైతే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఈ ప్రాంతం ఉన్న దిండోరి స్థానంలో కేంద్ర సహాయ మంత్రి భారతీ పవార్ ఓడిపోయారు. ఉల్లి రైతుల ఆగ్రహం అందుకు ఒక కారణమని పరిశీలకులు భావించారు. నగర ఓటరుకు ఉన్న బలం పల్లె ఓటరుకూ ఉందని ఆ ఫలితం గుర్తుచేసింది.

కర్నూలు ఉల్లి రైతుకూ ఈ వ్యథ కొత్తది కాదు. పంట ఒక్కసారిగా మార్కెట్‌ను ముంచెత్తినప్పుడు గిట్టుబాటు ధర కోసం అక్కడా ఇదే ఆరాటం. ధర పెరిగినప్పుడు వినియోగదారుని ఆదుకునే ప్రభుత్వం, పడిపోయినప్పుడు తమనూ అంతే వేగంగా ఆదుకోవాలన్నది రైతుల కోరిక. మెరుగైన నిల్వ సదుపాయం, విత్తుకు ముందే తెలిసే స్థిరమైన ఎగుమతి విధానం ఉంటే, పాకలో ఉల్లి పోసిన రైతు ఆకాశాన్నీ ఢిల్లీనీ ఒకేసారి చూస్తూ కూర్చోవలసిన అగత్యం కొంతైనా తప్పుతుంది.