మరణానికి ఏ పేరు?

అనంతపురం సీమ పటమును ఎదుట ఉంచుకొని దక్షిణపు అంచును వ్రేలితో వెంబడించిన విద్యార్థికి ఆ గీత ఎక్కడను తిన్నగా సాగదని వెంటనే తెలియును. మడకశిర ప్రాంతము ఆంధ్రదేశమునకు చెందినదైనను దానికి మూడు ప్రక్కల కర్ణాటక భూమియే. దాని చెంతనున్న పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదైనను దానికి మూడు ప్రక్కల ఆంధ్రభూమియే. రెండు చేతుల వ్రేళ్ళు ఒకదానిలో ఒకటి జొనిపినట్లున్న ఈ సరిహద్దుకు ఇరువైపుల తెలుగు, కన్నడములు రెండును ఇంటి భాషలే. పెండ్లి సంబంధము ఒక రాష్ట్రమున, సంత మరియొక రాష్ట్రమున ఉండుట అచ్చటి వారికి వింత కాదు. అటువంటి గీతను మూసివేయవలెనని 2020వ సంవత్సరము మార్చి నెలలో ఉత్తరువులు వచ్చినవి.

కరోనా వ్యాధి దేశమంతట వ్యాపించుచున్నదని మార్చి 25వ తేదీ నుండి దేశవ్యాప్తముగ రాకపోకలు నిలిపివేయబడిన సంగతి అందరును ఎరిగినదే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ మెట్ట పీఠభూమిలో వేరుసెనగ పండని యేడు బ్రతుకుతెరువు పొలములో ఉండదు. బెంగుళూరు వీధులలోను, కట్టుచున్న మేడల క్రిందను ఉండును. కదిరి ప్రాంతపు వారు కేరళ వరకును పోవుదురు. పని నిలిచినది, కూలి నిలిచినది, ఇంటికి పోవు దారియు నిలిచినది. బెంగుళూరు రహదారిపై కొడికొండ వద్ద తనిఖీ, ఇతర బాటలపై కంచెలు. ఇరుగున ఉన్న చిత్తూరు జిల్లా సరిహద్దులో, ఆ యేప్రిల్ నెలలో, తమిళనాడు వారు వేలూరు వైపున రోడ్డునకు అడ్డముగ ఇటుకలతో గోడలే కట్టించిరి; నలుదిక్కుల నుండి విమర్శ రాగా కొద్ది దినములలోనే వాటిని తామే పడగొట్టించిరి. రోగమును ఆపుటకు కట్టిన గోడ రోగి బండిని కూడ ఆపునని కట్టినవారికి తోచకపోవుట ఆశ్చర్యమే.

సరిహద్దులు మూయుట ఈ ప్రాంతమునకు క్రొత్త గాదు. 1896లో బొంబాయిలో పొడసూపిన ప్లేగు వ్యాధి రైలు బండ్ల వెంట దక్షిణమునకు దిగి 1898 ఆగస్టు నాటికి బెంగుళూరు చేరినది. నాడు అనంతపురం మద్రాసు రాజధానిలోనిది. పొరుగున ఉన్నది మైసూరు సంస్థానము. వ్యాధి ఉన్న చోటి నుండి వచ్చు ప్రయాణికునకు మద్రాసు ప్రభుత్వము వారు 'ప్లేగు పాస్‌పోర్టు' అను కాగితము నిచ్చి, అతడు చేరిన ఊరిలో పది దినములు ప్రతిదినము అధికారికి కనబడవలెనని శాసించిరి. 2020లో చేతి ఫోనులో చూపవలసి వచ్చిన ఈ-పాస్‌నకు అది ముత్తాత యనవచ్చును. శాసనము కూడ పాతదే: 1897 నాటి అంటువ్యాధుల చట్టమునే 2020లోను తిరిగి ప్రయోగించిరి. ఆ కాలమున ప్లేగు ఆసుపత్రికి పోయినవారు తిరిగి రారనియు, టీకా మందులో విషమున్నదనియు పుకార్లు దేశమంతట పుట్టినవి. పుకారునకు ఆధారము లేకపోవచ్చును గాని కారణము లేకపోలేదు. ఇంటిలోని రోగిని బలవంతముగ కొనిపోయి, ఏమైనదో సరిగా చెప్పనిచోట, తక్కిన కథను జనమే కల్పించుకొందురు.

ఈ మాట 2021 వేసవిలో మఱల ఋజువైనది. రెండవ కెరటము వచ్చిన ఆ మే నెల మొదటి దినములలో అనంతపురం ప్రభుత్వాసుపత్రిలో జరిగిన మరణములకు ప్రాణవాయువు చాలకపోవుటయే కారణమని బంధువులు గోలపెట్టిరి, అధికారులు కాదనిరి. మే 3న హిందూపురం ప్రభుత్వాసుపత్రిలో ఎనిమిదిమంది మరణించిరి. అక్కడను అదే వాదము: ఆక్సిజన్ అందలేదని వీరు, వ్యాధి ముదిరిన తరువాత వచ్చినారని వారు. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనము తగ్గి 11 మంది చనిపోయినట్లు ప్రభుత్వము ఒప్పుకొనగా, సంఖ్య అంతకంటె ఎక్కువయని మృతుల బంధువులును ప్రతిపక్షమును వాదించిరి.

తరువాత జరిగినది ఇంకను విచిత్రము. జూలై 20న కేంద్రప్రభుత్వము రాజ్యసభలో సమాధానమిచ్చుచు, ఆక్సిజన్ కొరత వలన మరణములు జరిగినట్లు రాష్ట్రములేవియు ప్రత్యేకముగ తెలుపలేదని చెప్పినది. దేశమంతట ఆ వాక్యముపై ఆగ్రహము చెలరేగినది. ఆగస్టులో తిరిగి అడుగగా ఆంధ్రప్రదేశ్ మాత్రము రుయా సంగతి తెలిపినదని కేంద్రము వారు చెప్పిరి. వెంటిలేటరుపై ఉన్న కొందరు రోగులు ట్యాంకు నుండి ప్రత్యామ్నాయ సరఫరా ఏర్పాటునకు మార్చు వ్యవధిలో పీడనము తగ్గినప్పుడు మరణించిరని ఆ వివరణ సారాంశము. జాగ్రత్తగా చదివిన, జూలైలోని వాక్యము అబద్ధమని చెప్పుటకు వీలులేదు. ఏ రాష్ట్రమును ఆ పేరుతో మరణమును వ్రాయలేదు, కనుక ఆ పేరుతో మరణము లేదు. వ్రాయుటకు గడి లేనిది జరుగలేదని పలుకుట కార్యాలయములకు అలవాటైన తర్కము.

గడి యనగా నేమో పాఠకులు తెలిసికొనుట మంచిది. ఆసుపత్రిలో మనిషి మరణించినప్పుడు వైద్యుడు ఒక పత్రము నింపవలెను. మొదట తక్షణ కారణము, దాని క్రింద దానికి దారితీసిన స్థితి, అట్టడుగున మూలకారణము: ఇట్లు నిచ్చెన దిగినట్లు వ్రాయవలెను. అరువది యేండ్ల మధుమేహ రోగికి కరోనా సోకి, ఊపిరితిత్తులు చెడి, శ్వాస అందక మరణించెననుకొందము. మూలకారణము కరోనాయే, మధుమేహము తోడ్పడినది మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు 2020లో చెప్పినది ఇదియే. కాని నిచ్చెన పై మెట్టు దగ్గరనే కలము ఆగినచో ఆ మరణము గుండె ఆగుటయో, శ్వాస నిలుచుటయో యగును. గుండె ఆగని చావు లోకమున లేదు. అది కారణము కాదు, చావు యొక్క మారుపేరు. ఇక పరీక్ష జరుగక ఇంటిలోనే పోయినవారి మాట చెప్పనక్కరలేదు. పంచాయతీ పుస్తకములో వారి పేరు, తేదీ ఉండును. వైద్యుడు వ్రాసిన కారణము ఉండదు.

లెక్కపై నమ్మకము సన్నగిల్లిన ఆ దినములలోనే కర్నూలు పేరుతో ఒక భయము పుట్టినది. వైరసులో ఎన్440కె అను మార్పును హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పరిశీలించి, ప్రయోగశాలలో పెంచిన కణములలో అది మునుపటి ఒక రకము కంటె పదిరెట్లు, మరియొక అరుదైన రకము కంటె వేయిరెట్లకు మించి వృద్ధి పొందినదని వ్రాసిరి. గాజు పాత్రలోని ఆ మాట పత్రికలకును ఉపన్యాసములకును చేరునప్పటికి 'పదిహేను రెట్లు ప్రమాదకరమైన ఆంధ్ర రకము'గా మారినది. ఆ రకము తగ్గిపోవుచున్నదనియు, దాని స్థానమున వేరొకటి వ్యాపించుచున్నదనియు ఆ సంస్థవారే చెప్పినను వినువారు కొద్ది. ప్రజలలో భయము రేపినారని నాటి ప్రతిపక్ష నాయకులు చంద్రబాబునాయుడుపై మే 7న కర్నూలులో పోలీసు కేసు నమోదైనది. శాస్త్ర విషయమును పోలీసు ఠాణాలో తేల్చబూనుట ఎవరికిని మేలు చేయలేదు. అంతకు ముందు దినమే ఢిల్లీ అధికారులు ఆంధ్ర, తెలంగాణముల నుండి వచ్చు ప్రయాణికులు పదునాలుగు దినములు విడిగా ఉండవలెనని ఉత్తరువిచ్చిరి. టీకా రెండు మోతాదులు పొందినవారికి, పరీక్షలో రోగము లేదని పత్రము తెచ్చినవారికి ఏడు దినములు. తగ్గిపోవుచున్న రకము పేరిట దేశ రాజధానిలో ఒక ద్వారము బిగిసినది.

దగ్గరి ద్వారము మరింత కఠినముగ బిగిసినది. మే 10న కర్నూలు దాటిన పిమ్మట పుల్లూరు వద్ద, ఇతర సరిహద్దుల వద్ద, హైదరాబాదు పోవు ఆంధ్ర రోగుల అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపివేసిరి. హైదరాబాదు ఆసుపత్రులలో పడకలు చాలవని వారి వాదము. అది పూర్తిగ తోసివేయదగినది కాదు. ముందుగ ఆసుపత్రి అంగీకారము పొందియే రావలెనని మే 11న ఆ ప్రభుత్వము ఒక ఉత్తరువు వెలువరించినది. ఊపిరి ఆడని మనిషిని బండిలో పెట్టుకొని ఆసుపత్రి వారి పత్రము కొరకు ఎదురుచూచిన కుటుంబముల స్థితి ఎట్టిదో వేరుగ చెప్పనేల? మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తరువును నిలిపివేసినది.

మరణమునకు ఏ పేరు పెట్టవలెనను తగవులో రాయలసీమ పాతకాపు. 1876-78 నాటి కరువులో, అనంతపురం ఇంకను బళ్ళారి జిల్లాలో భాగముగ ఉన్నప్పుడు, కూలికి వచ్చినవానికి దినమునకు ఒక పౌను ధాన్యము విలువ చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయింపగా, అది మనిషిని నిలుపదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ బహిరంగముగ వాదించినాడు. ఆకలిచే క్షీణించినవానిని కలరాయో, విరేచనములో తుదకు కొనిపోవును. పుస్తకములో ఆ రోగము పేరే మిగులును. 1881 జనగణనలో తరువాతి అనంతపురం జిల్లా ప్రాంతపు జనాభా పదేండ్ల క్రిందటి దానికంటె దాదాపు ఐదింట ఒక వంతు తగ్గియున్నది. ఆకలికి గడి లేని పుస్తకము దాచినదానిని తలల లెక్క బయటపెట్టినది.

1918 ఇన్‌ఫ్లుయెంజా సంగతియు అంతే. గ్రామ మునసబు పుస్తకములో కలరా, మశూచి, ప్లేగులకు వేరు గడులు ఉండెను. తక్కినదంతయు చాలవరకు 'జ్వరము'. మరుసటి యేట ప్రభుత్వ ఆరోగ్యాధికారి నార్మన్ వైట్ దేశమున సుమారు 60 లక్షల మంది మరణించిరని అంచనా వేసినాడు. 1951లో కింగ్స్లీ డేవిస్ అను జనాభా శాస్త్రజ్ఞుడు జనగణనలను పోల్చి ఆ సంఖ్య రెండు కోట్లకు చేరువయని చూపినాడు. ఆ తరువాతి పండితులు దానిని కొంత తగ్గించిరి గాని, మొదటి అంచనాకు ఎవరును తిరిగి పోలేదు.

కరోనా విషయమునను పద్ధతి ఇదియే. మామూలు ఏటిలో ఎందరు పోవుదురు, ఆ యేట ఎందరు పోయిరి, భేదమెంత అని చూడవలెను. దేశములో నమోదైన మొత్తము మరణములు 2019లో సుమారు 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 102.2 లక్షలు. ఒక్క యేటిలో 21 లక్షల పెరుగుదల! 2021 చివరకు ప్రభుత్వము ప్రకటించిన కరోనా మరణములు, రెండేండ్లకును కలిపి, సుమారు 4.8 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే 5న ఆ రెండేండ్ల అదనపు మరణములను సుమారు 47 లక్షలుగ అంచనా కట్టగా భారత ప్రభుత్వము ఆ గణిత పద్ధతిని తీవ్రముగ ఖండించినది. ఖండనలో కొంత బలము లేకపోలేదు: నమోదు ఏటేట మెరుగగుచున్నది, కనుక పెరుగుదల అంతయు చావుల పెరుగుదల కాదు, అదనపు మరణము అన్నంతనే కరోనా మరణమును కాదు, వేరు రోగముతో ఆసుపత్రి చేరలేక పోయినవారును అందులో ఉందురు. కాని ఈ మినహాయింపులన్నియు కలిపినను 4.8 లక్షలకును 21 లక్షలకును నడుమనున్న అగాధమును పూడ్చజాలవు. 2021 లెక్క 2025లో గాని బయటకు రాకపోవుట వలన ఆ నాలుగేండ్లును వాదములకే చెల్లిపోయినవి.

ఇది పండితుల తగవు మాత్రమే యయిన అనంతపురం పల్లెలకు దానితో పని లేకపోవును. కాని 2021 అక్టోబరు 4న సుప్రీంకోర్టు, కరోనాతో మరణించిన వారి కుటుంబమునకు 50,000 రూపాయల పరిహారమును ఆమోదించినప్పుడు ఆ పేరునకు వెల ఏర్పడినది. అప్పుడు పెక్కుమందికి తెలిసిన సంగతి యేమనగా, 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము కుటుంబమునకు ఇచ్చు మరణ పత్రములో కారణమును వెల్లడింపరాదు! ఉన్న పత్రము కారణము చెప్పదు, పరిహారమునకు కారణము కావలెను. ఇందులకై వేరుగ ఒక అధికార పత్రమును, జిల్లాకొక సంఘమును ఏర్పరచవలసి వచ్చినది. పరీక్షలో రోగము తేలిన ముప్పది దినములలో మరణించినచో, ఇంటివద్ద పోయినను లెక్కింపవలెననియు, మరణ పత్రములో కరోనా అని లేదను కారణముతో ఎవరిని త్రోసిపుచ్చరాదనియు నిర్ణయమైనది. అనంతపురం రైతు కుటుంబములకు ఈ పద్ధతి వెనుకటి నుండి పరిచితమే. 2004లో వెలువడిన 421వ జీ.వో. క్రింద, ఆత్మహత్య చేసికొన్న రైతు 'అర్హుడైన' మృతుడా కాడా యని ముగ్గురు అధికారులు తేల్చుట వారు చూచినదే.

2022 జనవరి నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అధికార లెక్క ప్రకారము కరోనా మరణములు 14,400 పైచిలుకు. పరిహారమునకు వచ్చిన అర్జీలు సుమారు 36 వేలు. సొమ్ము అందినవి 11 వేల పైచిలుకు. జనవరి 19న సుప్రీంకోర్టు ఆంధ్ర, బీహారు రాష్ట్రముల ప్రధాన కార్యదర్శులను పిలిపించి, అర్జీలకును చెల్లింపులకును గల అంతరమునకు సంజాయిషీ అడిగినది. అర్జీలన్నియు నిజమైనవి కాకపోవచ్చును. అయినను, ఒక్కొక్కటి ఒక యింటి వాకిలి నుండి బయలుదేరిన కాగితము.

ఆ యేటి యేప్రిల్ 4న జిల్లా రెండైనది. హిందూపురం, మడకశిర, పెనుకొండ, కదిరి ప్రాంతములు పుట్టపర్తి ముఖ్యపట్టణముగ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. హిందూపురం ఆసుపత్రిలో పోయిన ఎనిమిదిమంది 2021 లెక్కలలో అనంతపురం క్రిందనే ఉందురు. ఆ తరువాతి యేండ్ల మరణములతో పోల్చి చూడదలచిన విద్యార్థి రెండు జిల్లాల సంఖ్యలను కలిపి కూడుకొనవలెను.