శీలావతి మేతలో లైసిన్ లెక్క

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో వరసగా కర్రలు పాతి మేత సంచులు కడతారు. నూనె తీసిన తవుడులో వేరుశనగ చెక్కో పత్తి చెక్కో కలిపి నింపుతారు. సంచి అడుగున చిల్లులుంటాయి. శీలావతులు గుంపుగా వచ్చి, ఆ చిల్లులకు మూతులు ఆనించి మేత లాక్కుంటాయి. మేత కొనే రైతు ముందుగా అడిగేది ప్రొటీన్ ఎంత శాతం అనే. ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోకూడదు.

ప్రొటీన్ అరిగితే అమైనో ఆమ్లాలు వస్తాయి. వాటిలో పదింటిని చేప తన ఒంట్లో తయారుచేసుకోలేదు, మేతలోంచే రావాలి. మల్లెలు, కనకాంబరాలు వంతులవారీగా దండ గుచ్చుతుంటే కనకాంబరాలు అయిపోయిన చోట దండ ఆగుతుంది, మల్లెలు బుట్టెడు మిగిలినా సరే. కండ కట్టడమూ అంతే, ఒక్క అమైనో ఆమ్లం చాలకపోయినా ఆగుతుంది. మిగిలినవాటిని చేప రేపటికని దాచుకోలేదు. వాటిని విరగ్గొట్టి శక్తికి వాడుకుని, అందులోని నత్రజనిని మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వదిలేస్తుంది. డబ్బు పోసి కొన్న ప్రొటీన్ అలా చెరువునే పాడుచేస్తుంది.

శీలావతి తినే ప్రొటీన్‌లో ప్రతి 100 గ్రాములకు లైసిన్ అనే అమైనో ఆమ్లం సుమారు 5.5 గ్రాములుండాలి. వేరుశనగ చెక్క ప్రొటీన్‌లో ఉండేది దాదాపు 3.5 గ్రాములే. సోయా చెక్కలో 6 గ్రాముల దాకా ఉంటుంది గానీ మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ. నువ్వుల చెక్కలో మెథియోనిన్ బాగా ఉంటుంది, లైసిన్ చాలదు. ఈ రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. పత్తి చెక్కది వేరే చిక్కు. అందులోని గాసిపాల్ అనే పదార్థం వేడికి లైసిన్‌ను పట్టేసుకుంటుంది. ప్రయోగశాలలో నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేసి ప్రొటీన్ శాతం కడతారు కాబట్టి అంకె మారదు. చేపకు మాత్రం ఆ లైసిన్ అందదు.

మరి ఇన్నేళ్లూ తవుడు, చెక్కలతోనే చేపలు ఎలా పెరిగాయంటే, ప్లవకాల పుణ్యమే. పేడ, ఎరువు వేసిన నీళ్లలో పుట్టే ఈ సూక్ష్మజీవుల్లో మేలైన ప్రొటీన్ ఉంటుంది. చేప పిల్లలను ఒత్తుగా వేసేకొద్దీ తలా దొరికే ప్లవకం తగ్గుతుంది, మేతలోని లోటు అప్పుడు బయటపడుతుంది.

విడి లైసిన్ పొడి కొని కలిపేస్తే పోదా? అది నీళ్లలో ఇట్టే కరుగుతుంది. సంచి మేతలో కలిపితే చాలావరకు చెరువు పాలే. చేప కడుపులోకి చేరినా ఇంకో అడ్డంకి ఉంది. శీలావతికి, బొచ్చెకు జీర్ణాశయం లేదు, గొంతు దాటితే పేగే. విడి లైసిన్ త్వరగా రక్తంలో కలిసిపోతుంది. చెక్కలోని ప్రొటీన్ అరిగి మిగతా అమైనో ఆమ్లాలు వచ్చేసరికి దాని వేళ దాటిపోతుంది. అందుకే పూత పూసిన లైసిన్‌ను గుళిక మేతలో కలిపి, రోజుకు నాలుగైదు విడతలుగా వేయడం మేలు.

ఈ చిక్కు మన చెరువులదే కాదు. నార్వేలో సాల్మన్ చేపల మేతలో చేపపొడి 1990లో దాదాపు 65 శాతం, 2013 నాటికి 18 శాతం. ఆ ఖాళీలో ఎక్కువ భాగం మొక్కల ప్రొటీన్‌తోనే నింపారు. అమైనో ఆమ్లాల తూకం తప్పితే ఏమవుతుందో అక్కడ ముందే కళ్లారా చూశారు. 1990లలో మేతలోంచి రక్తపు పొడి తీసేశాక హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం చాలక సాల్మన్ల కళ్లకు శుక్లాలొచ్చాయి, కటకం తెల్లబారి చూపు పోయింది.

మన మేత సంచుల మీద ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు వేస్తారు. లైసిన్, మెథియోనిన్ శాతాలు కూడా అచ్చువేయాలని రైతులు పట్టుబట్టాలి. అంతవరకు సొంతంగా మేత కలుపుకునేవారు ఒకే చెక్క మీద ఆధారపడకుండా సోయాకు నువ్వులు జోడించడం మంచిది.