హెచ్.ఐ.వి. చికిత్సలో రోగనిరోధక శక్తి పునరుద్ధరణ – జన్యువుల పాత్ర

ఒకే ఏ.ఆర్.టి. కేంద్రంలో, ఒకే రోజున మందులు మొదలుపెట్టిన ఇద్దరిని ఊహించుకోండి. అప్పుడు ఇద్దరి సి.డి.4 కణాల సంఖ్యా 120. రెండేళ్ల తర్వాత ఇద్దరి రక్తంలోనూ వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గింది. కాని మొదటివారి సి.డి.4 సంఖ్య 460కి చేరితే, రెండవవారిది 190 దగ్గరే ఆగింది. రెండవవారిని చూసి "మందులు సరిగా వేసుకోవడం లేదేమో" అని ఇంట్లోవారే అనుమానిస్తారు. ఆ అనుమానం ఎందుకు సరికాదో ఈ భాగంలో తెలుసుకుందాం.

రెండు వేర్వేరు పనులు

సి.డి.4 కణాలు రోగనిరోధక వ్యవస్థను నడిపించే టి-కణాలు. ఆరోగ్యవంతుల్లో ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. 200 కంటే తగ్గితే అవకాశవాద సంక్రమణల ముప్పు బాగా పెరుగుతుంది. ఏ.ఆర్.టి. మందులు వైరస్ వృద్ధిని అడ్డుకుంటాయే గాని, కొత్త కణాలను తయారుచేయవు. చేలో పడ్డ పశువులను తోలేయడం ఒక పని, మేసిన పైరు మళ్లీ పిలకలు వేయడం మరో పని. ఎముక మజ్జలో పుట్టిన పూర్వకణాలు థైమస్ గ్రంథిలో పరిపక్వం చెందాలి. ఉన్న కణాలు విభజన చెందాలి, అకాలంగా నశించకూడదు. ఈ దశలన్నిటిలోనూ జన్యువుల ప్రమేయం ఉంటుంది.

వైరస్ అదుపులో ఉన్నా సి.డి.4 తగినంతగా పెరగనివారు, నిర్వచనాన్ని బట్టి, చికిత్స పొందేవారిలో సుమారు 10 నుంచి 40 శాతం వరకు ఉంటారు.

ఏయే జన్యువులు?

ఇంటర్‌ల్యూకిన్-7 అనే ప్రోటీన్ టి-కణాలకు బతకమని, విభజన చెందమని సంకేతమిస్తుంది. దీని గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులోని రూపభేదాలకూ, సి.డి.4 కణాలు కోలుకునే వేగానికీ సంబంధం ఉన్నట్లు కొన్ని అధ్యయనాలు చూపాయి. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. భేదాల విషయంలోనూ ఇలాంటి ఫలితాలు వచ్చాయి.

సి.సి.ఆర్.5 జన్యువు సంగతి వేరు. ఇందులో 32 క్షార జతలు లోపించిన యుగ్మవికల్పాన్ని 1996లో గుర్తించారు. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించినవారికి హెచ్.ఐ.వి. చాలా అరుదుగా సోకుతుంది. ఉత్తర ఐరోపా సంతతిలో కొంతమందిలో దీని ఒక ప్రతి ఉంటుంది. భారతీయుల్లో ఇది చాలా అరుదు. కాబట్టి ఒక జనాభాలో తేలిన ఫలితాన్ని మరో జనాభాకు నేరుగా అన్వయించకూడదు.

అలాగే హెచ్.ఎల్.ఏ.-బి57 ఉన్నవారిలో, చికిత్స లేకపోయినా వ్యాధి నెమ్మదిగా ముదురుతుంది. అంతమాత్రాన చికిత్సలో వారు వేగంగా కోలుకుంటారని అర్థం కాదు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపివేయకండి.

జన్యువే తలరాత కాదు

ఒక్కొక్క జన్యువు ప్రభావం స్వల్పమే. వయసు పెరిగేకొద్దీ థైమస్ కుంచించుకుపోతుంది. చికిత్స మొదలుపెట్టేనాటికి సి.డి.4 ఎంత తక్కువగా ఉంటే, మామూలు స్థాయికి చేరడం అంత కష్టం. జన్యువులను మార్చుకోలేం, చికిత్స ఆలస్యం కాకుండా చూసుకోగలం. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏ.ఆర్.టి. ప్రారంభించింది. 2017 నుంచి, సి.డి.4 సంఖ్య ఎంత ఉన్నా, హెచ్.ఐ.వి. నిర్ధారణ అయిన ప్రతివారికీ మందులు ఇవ్వాలన్న విధానం అమల్లోకి వచ్చింది.

ఇక మన ఉదాహరణలోని రెండవవారి విషయం. మందుల వాడకంపై సందేహం వస్తే చూడవలసింది వైరల్ లోడ్ ఫలితాన్ని. అది అదుపులో ఉందంటే వారు మందులు సక్రమంగానే వాడుతున్నారు, ఆ మందులు పనిచేస్తున్నాయి. సి.డి.4 పెరగలేదని వాటిని మానకూడదు. సి.డి.4 తక్కువగా ఉన్నంతకాలం సంక్రమణలను నివారించే కోట్రిమాక్సజోల్ వంటి మందులను వైద్యులు కొనసాగిస్తారు. వారికి కావలసింది నింద కాదు, మరింత శ్రద్ధ.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. వైరస్ అదుపులోకి రావడానికీ, రోగనిరోధక శక్తి కోలుకోవడానికీ గల తేడా ఏమిటి?
2. సి.డి.4 పెరగకపోవడాన్ని మాత్రమే చూసి, మందులు వాడటం లేదని ఎందుకు నిర్ణయించకూడదు?