హోమ్స్ నమ్మలేదు, డాయిల్ నమ్మారు



అర్ధరాత్రి వంటింట్లో గిన్నె దొర్లిన చప్పుడైందనుకోండి. లేచి దీపం వేసి, పిల్లి దూరిందేమోనని చూస్తే అది డిటెక్టివ్ కథ. దుప్పటి ముసుగుతన్ని వణుకుతూ పడుకుంటే దయ్యం కథ. ఇంగ్లండులో ఈ రెండు రకాల కథలూ పక్కపక్కనే పెరిగాయి. ఆ రెండింటి మధ్యా చిక్కుకున్న ఒక పెద్ద రచయిత గురించి ఇవాళ చెప్పుకుందాం. ఆయనే షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన సర్ ఆర్థర్ కానన్ డాయిల్.

డాయిల్ చదివింది వైద్యం. 1887లో హోమ్స్ తొలిసారి పాఠకుల ముందుకు వచ్చాడు. ఎంత వింత జరిగినా దానికి మనుషుల్లోనే కారణం వెతకాలన్నది అతని పద్ధతి. 1901-02లో స్ట్రాండ్ పత్రికలో సీరియల్‌గా వచ్చిన ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ నవలలో, ఒక వంశాన్ని శాపంలా వెంటాడే నిప్పుల కుక్క ఉంది. చివరికి తేలిందేమిటి? అది మామూలు కుక్కే! ఆస్తి మీద కన్నేసిన బంధువు దానికి భాస్వరం పూసి వదిలాడు.

నా మనసుకు ఇంకా బాగా పట్టింది 1924లో వచ్చిన ‘సస్సెక్స్ వాంపైర్’ కథ. ఒక తల్లి తన పసిబిడ్డ మెడ దగ్గర నోరు పెట్టి రక్తం పీలుస్తోంది. దాది చూసింది. ఆమె పెదవులకంటిన రక్తాన్ని భర్తా చూశాడు. రక్తపిశాచి అనుకున్నాడు. హోమ్స్ వచ్చి గోడకున్న విదేశపు ఆయుధాలనూ, కాళ్లు ఈడ్చుకుంటున్న ఇంటి కుక్కనూ చూశాడు. అసలు సంగతి ఏమిటంటే, మొదటి భార్య కొడుకు అసూయతో పసివాడికి విషపు బాణం గుచ్చాడు. దాని పదును ముందు కుక్క మీద చూసుకున్నాడు. తల్లి ఆ విషాన్ని నోటితో పీల్చి బిడ్డను బతికించింది! మరి నోరు విప్పి చెప్పలేదేం? పెద్ద కొడుకంటే ప్రాణం పెట్టే భర్త గుండె పగిలిపోతుందని.

ఇంత చక్కని కథ రాసిన డాయిల్, అంతకు రెండేళ్ల ముందే రెక్కల దేవకన్యలు నిజంగా ఉన్నారంటూ ఒక పుస్తకం రాశారంటే నమ్ముతారా?

1917లో యార్క్‌షైర్‌లోని కాటింగ్లీ గ్రామంలో పదహారేళ్ల ఎల్సీ, తొమ్మిదేళ్ల ఫ్రాన్సిస్ అనే ఇద్దరు పిల్లలు వాగు దగ్గర ఆడుకునేవారు. బట్టలు తడుపుకుని వచ్చినందుకు ఇంట్లో చీవాట్లు. దేవకన్యల్ని చూడటానికి వెళ్లామన్నారు పిల్లలు. పెద్దలు నవ్వారు. ఎల్సీ తండ్రి కెమెరా తీసుకెళ్లి ఫోటో తెచ్చి చూపించారు! తండ్రి నమ్మలేదు. 1919లో తల్లి ఆ సంగతి థియోసాఫికల్ సొసైటీ సమావేశంలో చెప్పింది. మన అడయారులో కేంద్రమున్న సొసైటీయే అది. అక్కణ్ణించి ఆ మాట డాయిల్ దాకా వెళ్లింది. ఫోటోలు నిజమైనవని ధ్రువపత్రం ఇవ్వలేమన్నారు కోడక్ వాళ్లు. అయినా 1920 క్రిస్మస్ సంచికలో అవి డాయిల్ వ్యాసంతో అచ్చయ్యాయి.

ఎందుకు నమ్మారంటారా? చనిపోయినవారు ఎక్కడో ఉంటారనీ, మనతో మాట్లాడగలరనీ ఆయనకు ఎప్పటినుంచో ఒక నమ్మకం. దానికి తోడు 1918లో కొడుకు, 1919లో తమ్ముడు పోయారు. కంటికి కనపడని మరో లోకం ఉందనడానికి పిసరంత రుజువు దొరికినా ఎలా వదులుకుంటారు, పాపం!

1983లో ఆ ఇద్దరూ ముసలితనంలో గుట్టు విప్పారు. 1914 నాటి ఒక పిల్లల పుస్తకంలోని బొమ్మలు చూసి గీసి, కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టారట. విచిత్రమేమిటంటే, అదే పుస్తకంలో డాయిల్ కథ కూడా ఉంది! ఒక్క ఫోటో మాత్రం నిజమైనదేనని ఫ్రాన్సిస్ చివరిదాకా అంది. అంతటి పెద్దమనిషి నమ్మేశాక ఆట అని చెప్పడానికి ఆ పిల్లలకు నోరు రాలేదు.

అయినా డాయిల్‌లో ఒక గొప్పతనం ఉంది. తాను నమ్మినా, హోమ్స్ చేత మాత్రం నమ్మించలేదు.

కంటితో చూశాం కదా అనుకుంటాం. కానీ ఆ చూసినదానికి అర్థం చెప్పేది మన భయమో, దుఃఖమో అవుతుంది. భయంతో చూసిన భర్తకు బిడ్డను కాపాడే తల్లి పిశాచిలా కనిపించింది. దుఃఖంతో చూసిన తండ్రికి కాగితం బొమ్మ దేవకన్యలా కనిపించింది. మన ఇళ్లలోనూ ఎవరి మీదైనా ఒక నింద వినబడితే, నమ్మేముందు ఒక్కసారి దీపం వేసి చూద్దాం.