సమకాలీన స్త్రీ తైలవర్ణ రూపచిత్రాలు: దేహచ్ఛాయ చిత్రణ

సారాంశం:
తైలవర్ణాలతో స్త్రీ రూపచిత్రాన్ని గీయడంలో పోలికతో పాటు ఒంటి రంగు కూడా కీలకమైన ప్రశ్న. అమృతా షేర్‌గిల్, ఏమీ షెరాల్డ్ చిత్రాల ఆధారంగా, దేహచ్ఛాయ ఎంపిక స్త్రీ వ్యక్తిత్వ చిత్రణను ఎలా ప్రభావితం చేస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: రూపచిత్రం, తైలవర్ణం, దేహచ్ఛాయ, చామనచాయ.

1. ఉపోద్ఘాతం:
'ఛాయ' అన్న మాటకు నీడ, కాంతి, రంగు అనే అర్థాలున్నాయి. రూపచిత్రకారులకు ఈ మూడూ ఒకేచోట అవసరమవుతాయి. పెళ్లిచూపుల మాటల్లో 'చామనచాయ' తరచు ఒక లోపంలా వినిపిస్తుంది. స్త్రీని రంగుతో తూచే ఈ అలవాటు చిత్రకళలోనూ కనిపిస్తుంది.

2. మాధ్యమ స్వభావం:
తైలవర్ణంలో రంగుపొడిని సాధారణంగా అవిసె నూనెతో నూరుతారు. ఈ నూనె నీటిలా ఆవిరికాదు. గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి మెల్లగా గట్టిపడుతుంది. అందువల్ల చెంపమీది వెలుగును, దవడ కింది నీడను తడి ఆరకముందే ఒకదానిలో ఒకటి కలపవచ్చు. ఆరిన పొరపై పలుచని పారదర్శకమైన పొర వేస్తే కింది రంగు లోపలినుంచి పలుకుతుంది. అయితే పై పొరలో నూనె పాలు కింది పొరకన్నా ఎక్కువ ఉండాలి. లేకుంటే చిత్రం పగుళ్లు తీసే ప్రమాదం ఉంది.

చామనచాయను చిత్రించేటప్పుడు వెలుగుకోసం తెలుపు మాత్రమే కలిపితే ముఖం బూడిద పూసినట్లవుతుంది. నీడకోసం నలుపు మాత్రమే కలిపితే జీవకళ పోతుంది. సియెన్నా, ఓకర్, అల్ట్రామెరీన్ నీలం వంటి రంగుల మేళవింపుతో నీడలోని వెచ్చదనాన్ని పట్టుకోవాలి. నల్లని మేను ఒకే రంగు కాదన్నది ఇందులోని పాఠం.

3. అమృతా షేర్‌గిల్:
రాజా రవివర్మ (1848-1906) తైలవర్ణంలో పౌరాణిక నాయికలకు రూపమిచ్చారు. వారిలో ఎక్కువమంది లేతఛాయవారే. ముద్రిత ప్రతుల ద్వారా ఆ రూపాలు ఇళ్ల గోడలకెక్కాయి. పారిస్‌లో శిక్షణ పొంది 1934లో భారతదేశానికి తిరిగివచ్చిన షేర్‌గిల్ (1913-1941), 1935లో 'త్రీ గర్ల్స్' చిత్రించారు. అందులోని యువతుల ముఖాలు గోధుమవన్నెలో ఉంటాయి. వారు నవ్వరు, చూసేవారి మెప్పును కోరరు. 1937లో ఈ చిత్రానికి బొంబాయి ఆర్ట్ సొసైటీ స్వర్ణపతకం లభించింది.

4. ఏమీ షెరాల్డ్:
అమెరికన్ చిత్రకారిణి షెరాల్డ్ నల్లజాతీయుల మేనిని బూడిదవన్నెలో చిత్రిస్తారు. 2018లో వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఆవిష్కరించిన మిషెల్ ఒబామా రూపచిత్రంలోనూ ఇదే పద్ధతి ఉంది. మేనిరంగు తప్పుకోవడంతో కూర్చున్న తీరు, సూటి చూపు ముందుకు వస్తాయి. పోలిక తగ్గిందన్న విమర్శ కూడా ఈ చిత్రంపై వచ్చింది.

5. ముగింపు:
ఒకరు రంగును నిండుగా చూపారు. మరొకరు దాన్ని పక్కన పెట్టారు. రంగుతో స్త్రీకి విలువ కట్టడాన్ని ఇద్దరి చిత్రాలూ నిరాకరిస్తాయి. అయితే చామనచాయను పౌడరు కింద, ఫొటోల దిద్దుబాటులో దాచే మన సమాజంలో షేర్‌గిల్ మార్గమే మరింత అవసరమని చెప్పవచ్చు. దాచిన రంగును పక్కన పెట్టడానికి ముందు, దాన్ని కళ్లారా చూడగలగాలి.