పంచాంగం మీద బొటనవేలు

1897 ఆగస్టు. భూటాన్ సరిహద్దుకు దగ్గర్లో, బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లా. ఒక తేయాకు తోట మేనేజరు గొంతు కోసి చంపేశారు. ఇనప్పెట్టెలో డబ్బు లేదు. అనుమానాలకు మాత్రం కరువు లేదు. కూలీలకు మేనేజరంటే పడదు. అతనికి ఒక స్త్రీతో సంబంధం ఉంది కాబట్టి ఆమె తాలూకు వాళ్లు పగబట్టి ఉండొచ్చు. ఆ చుట్టుపక్కల కాబూలీల గుంపొకటి తిరుగుతోంది. వీటన్నిటికీ తోడు వంటవాడి బట్టల మీద నెత్తురు మరకలు! అయ్యగారి భోజనానికి పావురాన్ని కోశాను బాబూ అని అతను మొత్తుకున్నాడు. ఈ రోజుల్లో అయితే సాయంత్రం చర్చా కార్యక్రమాల్లోనే వంటవాడికి ఉరి ఖాయమయ్యేది. అదృష్టం బాగుండి, రసాయన పరీక్షలో అతను చెప్పింది నిజమేనని తేలింది.

మేనేజరు కాగితాల పెట్టెలో నీలం అట్ట బెంగాలీ పంచాంగం ఒకటి దొరికింది. దాని మీద గోధుమరంగులో రెండు మసక మరకలు. భూతద్దం కింద చూస్తే, అందులో ఒకటి కుడి బొటనవేలి ముద్ర. కలకత్తాలో పాత నేరస్తుల వేలిముద్రలు భద్రపరిచిన కార్యాలయానికి దాన్ని పంపారు. అది కంగాలీ చరణ్‌ అనే వాడి ముద్రతో సరిపోయింది. వాడు అంతకుముందు అదే మేనేజరు ఇంట్లో పనిచేసి, అక్కడే దొంగతనం చేసి జైలుకెళ్లొచ్చిన మనిషి. వెతికి వెతికి బీర్‌భూమ్‌లో పట్టుకున్నారు.

1898లో తీర్పు వచ్చింది. దొంగతనం రుజువైంది, శిక్ష పడింది. హత్యానేరం మాత్రం కొట్టేశారు. పెట్టెలో చెయ్యి పెట్టాడని ముద్ర చెబుతోంది, నిజమే. కత్తి పట్టింది అతనేనని ఎవరు చూశారు? వేలిముద్రను సాక్ష్యంగా నమ్మిన తొలి కేసుల్లో ఒకటైన దీంట్లోనే, దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా కోర్టు గీత గీసింది. నా లెక్కన, ఆ తర్వాత నూటపాతికేళ్లలో ఇంత నిదానంగా ఆలోచించిన సందర్భాలు తక్కువ.

అసలు ఈ ముద్రల పద్ధతి మన దేశంలో మొదలైంది దొంగల్ని పట్టడానికి కాదు. 1858లో ముర్షిదాబాద్ జిల్లాలోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి, రోడ్డు కంకర సరఫరాకు రాజ్యధర్ కోనాయ్ అనే అతనితో ఒప్పందం రాయించుకున్నాడు. సంతకం నాది కాదని రేపు అడ్డం తిరగకుండా బెదరగొట్టడానికి, కోనాయ్ అరచేతికి సిరా పూసి కాగితం మీద అద్దించాడు. సిపాయిల తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడాది అది. తెల్లవాడికి నల్లవాడి మాట మీద నమ్మకం లేకపోవడంలోంచి పుట్టిన ఆలోచన. పింఛన్ల దగ్గరా రిజిస్ట్రేషన్ల దగ్గరా మన తాతలు నీలిసిరాలో ముంచిన ఎడమ బొటనవేలికి మూలం అక్కడుంది.

అయితే ముద్రలు సేకరించడం తేలిక, వెతకడమే కష్టం. వేల కాగితాలున్న బీరువాలో ఒక మనిషి కాగితం తీయడం ఎలా? మన సాముద్రికులు వేలి కొసల్లో శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టి జాతకం చెప్పేవారు. కలకత్తా పోలీసు కార్యాలయంలో ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు దాదాపు ఆ లెక్కతోనే బీరువా తాళం తీశారు. ఒకరు ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చదివిన అజీజుల్ హక్, రెండోవారు హేమచంద్ర బోస్. పది వేళ్లను ఐదు జతలు చేశారు. ఏ జతలో చక్రం కనిపిస్తే దానికి 16, 8, 4, 2, 1 వరసలో విలువ ఇచ్చారు. జతలో ఒక వేలి విలువ పైలెక్కలోకి, రెండో వేలిది కిందిలెక్కలోకి పోతుంది. 32ని 32తో గుణిస్తే 1024 గళ్లు. ఎవరి కాగితమైనా అందులో ఏదో ఒక గడిలోనే ఉంటుంది. ఈ పద్ధతి మీదనే 1897లో కలకత్తా రైటర్స్ బిల్డింగ్‌లో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ప్రపంచంలో తొలి వాటిలో అదొకటి. స్కాట్లండ్ యార్డ్‌కు 1901 దాకా అలాంటిది లేదు.

లోకం దీన్ని పిలిచే పేరు మాత్రం ‘హెన్రీ పద్ధతి’. బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ దాని మీద పుస్తకం రాశాడు, లండన్ వెళ్లి 1903లో పోలీసు కమిషనర్ అయ్యాడు. హక్‌కు ఖాన్ బహదూర్, బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదులు దక్కాయి. తన సిబ్బందిలో అందరికన్నా ఎక్కువ పని హక్‌దేనని ఆ తర్వాతెప్పుడో హెన్రీ ఉత్తరంలో ఒప్పుకున్నాడు. పేరు మాత్రం మారలేదు.

నేరం జరిగిన చోట ముద్ర కంటికి కనపడటం అరుదు. వేలి గీతల మీద చెమట రంధ్రాలుంటాయి. ఆ చెమటలో నీళ్లు ఆరిపోగా మిగిలే ఉప్పు, అమైనో ఆమ్లాలు, వేళ్లకు అంటిన నూనె జిడ్డే క్లూస్ టీమ్‌కు ఆధారం. గాజు మీదైతే పొడి చల్లి బ్రష్‌తో తేలుస్తారు. కాగితం మీదైతే నిన్‌హైడ్రిన్ రాస్తే ముద్ర ఊదారంగులో పైకొస్తుంది. ప్లాస్టిక్ కవరు మీదైతే సూపర్ గ్లూ పొగ పట్టిస్తారు. విరిగిన బొమ్మలు అతికించుకోవడానికి మనం కిరాణా కొట్లో కొనే ఫెవిక్విక్‌లో ఉండేదీ అదే రసాయనం. తల్లి గర్భంలో మూడో నెలలో మొదలై ఆరో నెలకల్లా స్థిరపడే ఈ గీతలు ఒకే పోలికతో పుట్టే కవలల్లో కూడా ఒకేలా ఉండవు.

చిక్కంతా చదవడంలోనే ఉంది. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాయి. డిటోనేటర్లున్న సంచి మీద దొరికిన ముద్ర అమెరికాలోని ఒరెగాన్ న్యాయవాది ఒకరిదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. ఆయన తరఫున కోర్టు నియమించిన నిపుణుడూ సరేనన్నాడు. ఇస్లాం పుచ్చుకున్న మనిషి కావడంతో అనుమానం ఇంకా బలపడింది. రెండు వారాలు నిర్బంధంలో ఉన్నాక, ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్తుడిదని స్పెయిన్ పోలీసులు చెప్పారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది, ప్రభుత్వం 20 లక్షల డాలర్లు చెల్లించింది. ఇప్పుడు మన పోలీసులకు 2022లో వచ్చిన నఫీస్ అనే జాతీయ వ్యవస్థ ఉంది. దేశంలో ఎక్కడి ముద్రనైనా క్షణాల్లో పోల్చి చూస్తుంది. కానీ యంత్రం ఇచ్చేది పోలికలున్న పేర్లు మాత్రమే. ఇతనేనని సంతకం పెట్టాల్సింది మనిషే.

మన వాళ్లు వేలిముద్ర మీదున్న నమ్మకంలో కన్నాలెక్కడున్నాయో త్వరగానే కనిపెట్టారు. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ఆన్‌లైన్‌లో దొరికే భూముల రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకళ్లు తయారుచేసి, ఊరూపేరూ తెలియని వాళ్ల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. 2022లో రాచకొండ పోలీసులు నలుగురిని అరెస్టు చేశారు. కువైట్ వెనక్కి పంపేసిన కూలీలు మళ్లీ వెళ్లేందుకు వీలుగా వేలి కొసల చర్మం కోసి, లోపలి కండ కొంత తీసి, తిరిగి కుట్టేవారట. మనిషికి 25 వేల రూపాయలు. గీతలు కొన్నాళ్లే మారి ఉంటాయని తెలిసీ చేయించుకున్నారు. కువైట్ జీతం లేకపోతే ఇల్లు గడవని మనిషికి తన వేలి మీద తనకున్న హక్కు ఏపాటిది!

పాఠకులకు రెండు మాటలు. ఇంట్లో దొంగలు పడితే క్లూస్ టీమ్ వచ్చేదాకా బీరువా, గొళ్లెం, పగిలిన అద్దం ముట్టుకోకండి, చుట్టుపక్కల వాళ్లను లోపలికి రానివ్వకండి. రెండోది, వేలిముద్రతో డబ్బు తీసే అవసరం రోజూ లేనివాళ్లు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి. కావలసినప్పుడు మీరే దాన్ని తీసేయవచ్చు, రుసుమేమీ లేదు.